పాకెట్లు ఎవరు తిన్నారు?

చిట్టి నోట్లో చెంచాతో పాలు పోసి, దిగాయో లేదోనని గొంతు వైపే చూస్తోంది తల్లి. రెండేళ్ళ పిల్ల. ఎత్తుకుంటే తువ్వాలు భుజాన వేసుకున్నట్టే ఉంది. పాదాలు మాత్రం ఉబ్బి, వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోతున్నాయి. బిడ్డ ఏడిస్తే బాగుండునని ఏ తల్లైనా అనుకుంటుందా? ఈమె అనుకుంటోంది. ఏడవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా!

"కిందటిసారి పాకెట్లిచ్చి పంపితే మళ్ళీ ఇలా తెచ్చావేంటమ్మా? అన్నీ పెట్టావా?" అని ఆసుపత్రిలో చేరిన రోజే అడిగింది నర్సమ్మ.

"పెట్టానండీ" అంది. ఇంటి గుట్టు గడప దాటకూడదని చిన్నప్పుడే నూరిపోశారు మరి.

పల్లీల ముద్ద పాకెట్లవి. తిండి లేక చిక్కిపోయిన పిల్లలకి మందులాంటివి. ఇంటికి తేగానే అత్త తన డబ్బాలో దాచింది. వానల్లేక పొలాలు బీటలు వారి, ఇంటిల్లిపాదీ ఒంటిపూట తింటున్న రోజులు. ఈమె నీళ్ళ ట్యాంకర్ దగ్గర పడిగాపులు పడి బిందెతో వచ్చేసరికి చిట్టి అన్న, పెద్దాడి మూతినిండా ముద్దే. "మగపిల్లాడు గుటకలు మింగుతుంటే దానికొక్కదానికే ఎలా పెడతానే? నేనేమన్నా రాక్షసినా?" అంది అత్త. వాడూ ఈమె కడుపున పుట్టినవాడే, వాడికీ ఎముకలు తేలుతున్నాయి. మొగుడు కూలి దొరక్క తిరిగొచ్చి, ఒకటి చించి నోట్లో పిండుకున్నాడు. "భలే ఉందే! మందంటారేంటి దీన్ని?" అని నవ్వాడు. చిట్టికి దక్కింది అడుగూ బొడుగూ. చిట్టి వదిలేసిన కవరు తలుపు చాటున ఈమే నాకింది.

అన్నీ తిన్నా పిల్ల ఇలా అయిందంటే లోపలింకేదో జబ్బుందనుకున్నాడు డాక్టరు. పుల్లలాంటి చేతిలో నరం దొరక్క, రక్తం కోసం పదే పదే గుచ్చుతున్నారు. సూది దిగినప్పుడల్లా తనే గుచ్చుతున్నట్టుంది తల్లికి.

ఇవాళ మొగుడొచ్చాడు. "ఇంక చాలు, పద. నీళ్ళు మోసి మోసి అమ్మకి నడుం పట్టేసింది. పాకెట్లిస్తారుగా, ఇంట్లోనే పెట్టుకుందాం."

"కిందటిసారివి పిల్లకే పెట్టారా?" అతన్నీ అడిగింది నర్సమ్మ.

"కళ్ళారా చూశానండీ. అన్నీ దానికే. దీనికే పిల్లని పెంచడం చేతకాదు."

నర్సమ్మ నిట్టూర్చి, సూదుల ట్రే అందుకుంది.

"గుచ్చకండమ్మా! పిల్ల తినలేదు. మేం తిన్నాం. నేను కూడా."

పక్క మంచాల తల్లులు ఇటు తిరిగి చూసి, చప్పున తలలు దించుకున్నారు. నర్సమ్మ ట్రే కింద పెట్టింది. "ముందే చెప్పుంటే..." అని, చిట్టి పాదాలు నిమిరింది.

మొగుడి మొహం మాడిపోయింది. "పరువు తీశావు కదే! నువ్విక్కడ కూర్చుంటే ఇంట్లో వండేదెవరు? నీళ్ళెవరు తెస్తారు?"

ఆమె చిట్టి మూతి తుడిచింది. "పెద్దాణ్ణి తెచ్చి నా దగ్గర దింపు, వాడికీ పాకెట్లు అడుగుతాను. నీళ్ళంటావా? తిన్నవాళ్ళకి ఓపికుంటుందిగా, మోసుకోండి."