వర్ధనమ్మ మాఘస్నానము

మాఘమాసమున మన సీమయందు ముదుసలులు కంబళ్లలో ముడుచుకొనియుండు వేళ తూర్పుసముద్ర మధ్యమున నున్న ఆ దీవియందు మాత్రము చలి యను మాటయే యెవ్వరును విన్నవారు కారు. నారికేళవనశ్రేణీశ్యామలమును శంఖచూర్ణధవళసైకతమును నగు ఆ తీరమున మరకతచ్ఛాయతో తళతళలాడు జలరాశి దినమునకు రెండుమార్లు పొంగుచు రెండుమార్లు తీయుచు సృష్ట్యాదినుండియు తన పని తాను చేసికొనుచుండెను. దాని కెవ్వరును ముహూర్తము పెట్టలేదు. ఇట్టి కట్టుబాటు లేని సముద్రమును దారికి దెచ్చుటకా యన్నట్లు ఒక ఆదివారమున పత్తికొండ వాస్తవ్యులును విశ్రాంత తహసీల్దారులును పంచాంగపారంగతులును నగు భైరవమూర్తిగారు సతీసమేతముగా అచ్చట ఓడ దిగిరి.

వారి ధర్మపత్ని వర్ధనమ్మ. వానచినుకునకు మొగము వాచిన మెట్టపల్లెలో పుట్టి చంకనుండి కడవ దిగకుండ బాల్యమంతయు గడపి మొగము కడిగిన నీటితోనే కాళ్లును కడుగుకొను నేర్పును మెట్టినింటికి తెచ్చుకొన్న యిల్లాలు. మెడలోతు నీట ఒక్కసారియైన మునుగవలెనను కోరిక ఆమెకు చిన్ననాటనుండియు కలదు. కృష్ణకు పోదమన్నప్పుడు మూఢమి యడ్డువచ్చెను. రామేశ్వరము పోదమన్నప్పుడు భర్తగారికి తారాబలము చాలదయ్యెను. తల నెఱసిన పిమ్మట ఈ దీవిప్రయాణము కుదురగా ఆమె నీట నానినను రంగు దిగని నేతచీర యొకటి పెట్టె యడుగున దాచుకొని బయలుదేఱెను.

భైరవమూర్తిగారు బసలో కాలు మోపీ మోపకముందే కార్యక్రమనిర్ణయమునకు పూనుకొనిరి. లోకమున తక్కినవారు దీవిపటము ముందుంచుకొని ఏ తీరమున పగడపుదిబ్బలు కలవో ఎచ్చట పడవ యడుగున అద్దము బిగించి చేపలను చూపుదురో విచారింతురు. ఈ మహానుభావులు పంచాంగము ముందుంచుకొని ఎచ్చటెచ్చటికి పోరాదో విచారించిరి. పడమటికొనను సూర్యాస్తమయము చూచి తీరవలెనని బసవారు చెప్పిరి. ఆదివారము పడమటికి వారశూల, ఆ దిక్కునకు పయనము కూడదు. కావున సూర్యుడు వీరు లేకయే అస్తమించెను. సోమవారము అద్దపుపడవ సిద్ధముగా నుండెను గాని అది యుండినది తూర్పుతీరమున. సోమవారము తూర్పునకు శూల. మంగళవారము గుహలు చూతమనుకొనగా ఆ గుహలు ఉత్తరమున నుండుట వాని దౌర్భాగ్యము. ఏ శూలయు సోకని దక్షిణదిక్కున బసవారి భోజనశాల యొక్కటియే యుండెను. దానిని మాత్రము వారు పూటపూటకు సందర్శించి ఇడ్డెనల మెత్తదనమును సాంబారు చిక్కదనమును శ్రద్ధతో పరీక్షించిరి.

గుమ్మమెదుటి సముద్రమునందైన పాదములు తడుపుకొందునా యని వర్ధనమ్మ మగని నడిగెను.

"పర్వదినమున దప్ప సముద్రమును తాకరాదు. బుధవారము మాఘపౌర్ణమి. అరుణోదయమున సంకల్పపూర్వకముగా మునుగుదము. అంతవఱకు చూడుము. చూచుటకు దోషము లేదు" అని వారు సెలవిచ్చిరి.

ఆమె చూచెను. చేయుటకు వేఱొక పని లేదు గనుక వసారాలో కూర్చుండి చూచుచునే యుండెను. ప్రొద్దెక్కినకొలది నీరు గట్టుదాక నిండుటయు తక్కిన యాత్రికులు పిల్లాజెల్లాతో అందు కేరింతలు కొట్టుటయు పున్నమి దగ్గఱపడుకొలది తెల్లవాఱుజామున అదే నీరు నానాటికి మఱింత దూరము తొలగి క్రింది రాళ్లు బయల్పడుటయు ఆమె కనిపెట్టెను. మంగళవారము సాయంకాలము ఉండబట్టలేక ఆ మాట మగనితో చెప్పెను.

"రేపు తెల్లారేసరికి ఆడ నీళ్లుండవండీ. దినామూ చూస్తానే ఉండాను. పొద్దెక్కినాక గట్టుదాకా వస్తాయి. అప్పుడు మునుగుదాం."

"ప్రొద్దెక్కిన పిమ్మట వర్జ్యము. తొమ్మిదింటికి ఓడ. పిచ్చిదానా, సముద్రము ఎచ్చటికి పోవును?" అని తహసీల్దారుగారు నవ్విరి.

ఆ ఓడరేవు సైతము ఉత్తరముననే యుండెను. బుధవారము ఉత్తరమునకు శూల. అయినను కొన్న టిక్కెట్టు వృథా పోరాదు గనుక బెల్లపుముక్క నోట వేసికొనిన దోషము లేదని వారు తేల్చిరి. బెల్లపుముక్కతో పోవు శూల గుహలకేల పోలేదో అడుగు సాహసము ఆ యింట నెవ్వరికిని లేదు.

బుధవారము తూర్పు తెల్లబాఱుచుండగా పట్టుపంచెయు విభూతిరేఖలును ధరించి రాగిచెంబుతో భైరవమూర్తిగారు ముందు నడువ నేతచీర కట్టుకొని వర్ధనమ్మ వెనుక నడిచెను. గట్టు దిగి చూతురు గదా, సముద్రము లేదు. కనుచూపుమేర నల్లని రాళ్లును పాచియు బురదయు వానిపై పీతలును మాత్రమే కలవు. నీరు అల్లంత దూరమున సన్నని గీతవలె మెఱయుచుండెను. సంకల్పములో మాసపక్షతిథుల దాక వచ్చిన వారి నోరు అచ్చటనే తెఱచుకొని నిలిచిపోయెను.

"అపశకునపు మాట పలికితివి. ఇదిగో అట్లే జరిగెను!" అని వారు భార్యపై కనలి పిమ్మట తేరుకొని శాస్త్రమును వెదకి "సకలజలములును సముద్రాంశములే. బసలోని కొళాయినీరు మూడుచెంబులు తలపై పోసికొనిన ఫలము దక్కును. పద, ఓడకు వేళయగుచున్నది" అని వెనుదిరిగిరి.

వర్ధనమ్మ కదలలేదు. కొంగు నడుమున బిగించి గట్టుమీద చతికిలబడెను. ఆమెకు కోపము వచ్చెను. పెండ్లినాటినుండియు రావలసిన కోపమంతయు ఒక్కమాఱే వచ్చెను.

"మీరు పోండి. నేను మధ్యాన్నం ఓడకు వస్తా. నీళ్లొచ్చేదాకా ఈడనే కూచుంటా."

"ఒంటిగానా? శాస్త్రము..."

"శాస్త్రం మీరే తీసుకుపోండి. నాకు నీళ్లు చాలు."

తహసీల్దారుగారు ఒక కంట భార్యను ఒక కంట గడియారమును చూచిరి. మధ్యాహ్నపు ఓడకు మఱల టిక్కెట్టు కొనవలెను. నలువదియేండ్లు కాపురము చేసిన యిల్లాలిని దిక్కు తెలియని దీవిలో విడుచుటకు ఏ పంచాంగమునను నిషేధము కానరాదయ్యెను. వారు కొళాయిక్రింద మూడుచెంబులు పోసికొని బెల్లపుముక్క నోట వేసికొని పెట్టెలతో ఉత్తరదిక్కునకు సాగిపోయిరి. వెనుదిరిగి చూచిన కార్యహాని యని చూడనైన లేదు.

ఎండ చుఱుక్కుమన్నది. రాళ్ల సందులలో మొదట తడి మెఱసెను. పిమ్మట పిల్లకాలువలు పాఱెను. సముద్రము తన వేళకు తాను ఎవ్వరును పిలువకయే తిరిగి వచ్చెను. పాదములు తడిసినప్పుడు వర్ధనమ్మకు ఏడ్పు వచ్చెను. మోకాళ్లు మునిగినప్పుడు నవ్వు వచ్చెను. ఆమె అప్పటికి గట్టు దిగి వచ్చిన యాత్రికుల పిల్లలతో పాటు ఒక్కొక్క యడుగు వేయుచు మెడలోతు చేరెను.

ఉత్తరపురేవున తొమ్మిదింటి ఓడ కూసెను. వర్ధనమ్మ ముక్కు మూసికొని మునిగెను.