హంతకుడి పేరు చెప్పకండి

నేను ఒక డిటెక్టివ్ నవలని. బెజవాడలో ఓ ఇరుకు ప్రెస్సులో, నాసిరకం కాగితం మీద పుట్టాను. నా అట్ట మీద పిస్తోలు పట్టుకున్న అమ్మాయి ఉంటుంది. లోపల ఎంత వెతికినా ఆ అమ్మాయి కనబడదు.

తెనాలిలో అద్దెపుస్తకాల షాపుకి చేరాను. అప్పటి పాఠకులకి ఓ పాడుబుద్ధి ఉండేది. తాము చదివేశాక, తర్వాతివాళ్ళ సరదా చెడగొట్టడానికి మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసేసేవాళ్ళు. నా మీద ‘చంపింది వంటవాడే’ అని రాసిన మహానుభావుడు పానకాలు. షాపు ఎత్తేస్తుంటే నన్ను ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

అతని భార్య కోమలికి డిటెక్టివ్ కథలంటే ప్రాణం. కానీ ఆవిడ ఏ నవల పట్టుకున్నా, ఏ సినిమాకెళ్ళినా హంతకుడెవరో ఈయన ముందే చెప్పేసేవాడు. ఒక్కసారైనా తనే పట్టుకోవాలని ఆవిడ కోరిక. అది తీరకుండానే జుట్టు నెరిసింది.

ఈమధ్య నన్ను టీవీలో ఎప్పుడంటే అప్పుడు చూసుకునే సీరియల్‌గా తీశారు. కోమలి ముందే ఒట్టు వేయించుకుంది. పానకాలు నన్ను ఒళ్ళో పెట్టుకుని, నోటినిండా జంతికలు కుక్కుకుని రెండు భాగాలు ఓర్చుకున్నాడు. మూడోదాంట్లో వంటవాడు కత్తిపీట ముందు కూర్చున్నాడు.

“వీడేనే!”

“మీ నోట్లో నువ్వుగింజ నానదు కదండీ! ఇక నేను చూడను,” అని లేచిపోయింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నాకు కనబడ్డాయి.

ఆవిడ పేరంటానికెళ్ళిన సాయంత్రం ఆయనొక్కడే మిగతాది చూశాడు. చివర్లో పోలీసులు బేడీలు వేసింది డాక్టరుకి! కథ మార్చేశారు. నాకూ మండింది. పానకాలు తిట్టబోయి, ఏదో తట్టి నోరు మూసుకున్నాడు.

మర్నాడు, “కోమలీ, మళ్ళీ మొదట్నుంచీ చూద్దాం రా,” అన్నాడు.

“దేనికండీ? వంటవాడేగా?”

“రావే, నా మాట విను.”

సణుగుతూనే కూర్చుంది. సగంలో నడుం నిటారు చేసింది. “ఏవండీ! ఊళ్ళో లేనన్న డాక్టరు చెప్పులకి హత్య జరిగిన తోటలోని ఎర్రమట్టి ఎలా అంటింది? వంటవాడు కాదు, డాక్టరే!”

పానకాలు కండువా కొస కొరుక్కున్నాడు తప్ప ‘ఊ’ అనలేదు. బేడీలు పడగానే ఆవిడ చప్పట్లు కొట్టింది. ఉన్నట్టుండి అనుమానం వచ్చి ఆయన వైపు తిరిగింది.

“మీకు ముందే తెలుసా?”

“నాకేం తెలుసు? నేనూ వంటవాడే అనుకున్నా.”

నా పేజీలనిండా అబద్ధాలే. అంత ముద్దొచ్చే అబద్ధం మాత్రం నాలో ఒక్కటీ లేదు.