ముగ్గురం అల్లిన స్వెటర్

ప్రొద్దుటూరు ఎండలకు స్వెటర్ ఎవరు వేసుకుంటారని నన్ను చూసి నవ్వనివాళ్ళు లేరు. నవ్వితే నవ్వండి, నాకేం! డిసెంబరులో తెల్లవారకముందే బస్సెక్కి చూడండి, పళ్ళు టకటకలాడతాయో లేదో తెలుస్తుంది అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనను. మధ్యాహ్నం రెండు కొడితే చాలు, మా వసారాలో ఎవరూ లేకపోయినా సూదుల చప్పుడు వినిపిస్తుంది. గడియారం చప్పుడే అంటాడు మా ఆయన రామాంజులు. గడియారం తీయించేసినా ఆ చప్పుడు పోలేదు.

మాది బట్టల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఈ వసారా. నేను, బాలనాగమ్మ, మాబున్ని, ముగ్గురం భోజనాలయ్యాక అక్కడ చేరేవాళ్ళం. బాలనాగమ్మది గొర్రెలు మేపుకునే ఇల్లు. రాజుపాలెం దగ్గర వాళ్ళ ఊళ్ళో రెండు పార్టీలు కొట్టుకుంటే, మొగుడు చిన్నసుబ్బయ్యనూ కొడుకు వెంకటేశునూ వెంటబెట్టుకుని వచ్చి మా వీధిలో అద్దెకు దిగింది. మాబున్ని మొగుడు చాంద్ బాషా ఆటో తోలుతాడు.

అల్లిక నేర్పింది మాబున్నే. ఎన్నిసార్లు విప్పించిందో! "అక్కా, ఈడ ఒక కుట్టు జారిపోయింది, ఇప్పు" అనేది, తెల్లటి పళ్ళన్నీ బయటపెట్టి. అరగంట పని ఒక్క లాగుకు పోయేది. సూదులు ఆమె నెత్తిన కొడదామన్నంత కోపం వచ్చేది నాకు. బాలనాగమ్మ మరీ మొండిది. చిన్నప్పటి నుంచి కదురు మీద గొర్రెబొచ్చు వడికిన చెయ్యి కదా, అంగట్లో ఊలు చూస్తే మూతి తిప్పేది.

"ఇదేం ఉన్ని అక్కా? గొర్రె వాసనే రాదే!"

"నీ మొగుని పక్కన కూచుంటే వస్తుందిలే మే" అనేదాన్ని నేను. ముగ్గురం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వేవాళ్ళం. ఆ గంటన్నరలో ఏ పార్టీ గొడవా ఉండేది కాదు. నా బతుకులో అంత సుఖపడింది ఆ వసారాలోనే, పుట్టింట్లో కూడా కాదు.

తొందర పని పడితే పంచుకుని అల్లడం మాకు అలవాటు. చిన్నసుబ్బయ్య మీద పాత కొట్లాట కేసు ఒకటి జమ్మలమడుగు కోర్టులో నడుస్తుండేది. ఆ ఏడాది చలి ఎక్కువ. మంగళవారం వాయిదా, తొలి బస్సుకు పోవాలి, ఆలోపల స్వెటర్ కావాలంది బాలనాగమ్మ. వీపు ఆమె తీసుకుంది, ముందు భాగం మాబున్ని, రెండు చేతులూ నేను. మెంతిరంగు ఊలు. అలాంటి రంగు ఊరు మొత్తంలో ఇంకెవరి ఒంటి మీదా ఉండదని మురిసిపోయాం. ఏం తెలివి మాది!

శనివారం మా ఆయన అన్నానికి లేస్తే నేను అంగట్లో కూచున్నాను. సూదులు చేతిలోనే ఉన్నాయి. తెల్లచొక్కా మనిషి ఒకడు వచ్చి తువ్వాళ్ళు చూశాడు. తర్వాత నా చేతిలోది చూశాడు.

"ఎంత బాగా అల్లినావమ్మా! మిషన్ పని మాదిరే ఉండాది. ఎవురికి?"

పొగిడితే నాకు ఒళ్ళు తెలీదు. ఎవరి కోసమో చెప్పాను. మంగళవారానికి అయిపోవాలని చెప్పాను. ఎందుకో చెప్పాను. తొలి బస్సని కూడా చెప్పాను. వాడు అడగనివి కూడా చెప్పాను. తువ్వాలు కొనకుండానే వెళ్ళిపోయాడు. కొనలేదని తిట్టుకున్నానే తప్ప ఇంకేమీ తట్టలేదు నా మట్టిబుర్రకు.

మంగళవారం తెల్లవారుజామున చాంద్ బాషానే చిన్నసుబ్బయ్యను ఆటోలో బస్టాండుకు చేర్చాడు. జమ్మలమడుగు ఇంకా రాకముందే, చేల మధ్య బస్సు ఆపారు. చలికి మగవాళ్ళంతా ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకునే ఉన్నారు. ఎక్కిన నలుగురూ ఎవరి ముఖమూ చూడలేదని, స్వెటర్ చూసి నేరుగా అతని దగ్గరికే పోయారని కండక్టరు చెప్పాడు. బట్టల మూట విప్పి గుర్తుపట్టమని పోలీసులు బాలనాగమ్మను పిలిస్తే తోడు నేనే వెళ్ళాను. నా అల్లిక బిగువు, పట్టి లాగినా సాగదు. ఆ చేతులు రెండూ ఒక్క పోగు తెగకుండా ఉన్నాయి. మిగతాది నేను చెప్పను.

తెల్లచొక్కా మనిషితో వాగిన సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. అప్పటి నుంచి పట్టపగలే అంగడి మెట్ల మీద మెంతిరంగు వీపు కనిపించేది. వీధి వైపు తిరిగి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కూచునేవాడు. గిరాకీ వాళ్ళు అతని మీదుగానే నడిచి వచ్చేవాళ్ళు. నేను మాత్రం ఆ మెట్టు మీద కాలు పెట్టలేదు.

పది నెలలు బాలనాగమ్మ మా గడప తొక్కలేదు. మాబున్ని వచ్చేది, ఇద్దరం మాటల్లేకుండా అల్లుకునేవాళ్ళం. ఒక సోమవారం ఉన్నట్టుండి బాలనాగమ్మ వచ్చింది. సంచిలోంచి సూదులు తీసింది. సంతోషంతో పక్కకు జరిగి చోటిచ్చాను. ఆ సంతోషం ఎంతసేపు! మాబున్ని ఇంకా రాలేదని చూసుకుని, గొంతు తగ్గించింది.

"అక్కా, వాయిదా సంగతి వాళ్ళకు చెప్పింది చాంద్ బాషానంట. మా వెంకటేశు అంటాండాడు."

"ఛీ! బాషానా? నీ కొడుక్కేమన్నా పిచ్చా?"

"ఇంకెవురికి తెల్సు చెప్పు? నాకు తెల్సు, మీ ఇద్దురికి తెల్సు, ఆటో తోలినోనికి తెల్సు. నువ్వు చెప్పవు. మాబున్ని చెప్పదు. ఇంక మిగిలిందెవురు?"

నువ్వు చెప్పవు అంది.

వెంకటేశుకు ఇరవై ఏళ్ళు. తండ్రి పోయాక పార్టీ జీపులో తిరుగుతున్నాడు. వాడు అంటున్నాడంటే ఉత్త మాట కాదు. నేను నోరు విప్పకపోతే బాషా పోతాడు. విప్పితే వాడు ఆడమనిషి జోలికి రాడు, మా ఆయన మీదికి వస్తాడు. మా ఆయన చీమకు కూడా అడ్డం పోని మనిషి. బాషా అంతకంటే మంచివాడు. ఏం చెయ్యను?

ఇంతలో మాబున్ని వచ్చి బాలనాగమ్మను చూసింది. సంచి పారేసి వాటేసుకుని ఏడ్చింది. "వచ్చినావా అక్కా, వచ్చినావా" అంటూనే ఉంది. బాలనాగమ్మ కట్టెలా కూచుంది.

రేపు చెబుదాం అనుకున్నాను. మంగళవారం అట్లే అనుకున్నాను. బుధవారం బాలనాగమ్మ పక్కనే కూచున్నాను, మాట గొంతు దాకా వచ్చింది. మా ఆయన అంగట్లోంచి మంచినీళ్ళు అడిగాడు. ఆ గొంతు వినగానే మాట వెనక్కి పోయింది. పిరికిముండను!

గురువారం అన్నం ముట్టలేదు. రెండు గంటలకు బాలనాగమ్మ ఒక్కతే వచ్చింది. ఆమె పక్కన, మాబున్ని కూచునే చోట, మెంతిరంగు చేతులు రెండూ మోకాళ్ళ మీద ఆని ఉన్నాయి. ముఖం చూడాలంటే భయమేసింది. కళ్ళు మూసుకునే చెప్పాను.

"బాలనాగీ, బాషా కాదు. నేనే."

అంగట్లో తెల్లచొక్కా మనిషి, వాడి పొగడ్త, నా వాగుడు, అంతా చెప్పాను. కొట్టు, తిట్టు, నీ కొడుకును మా ఇంటికే పంపు, బాషాను మాత్రం వదిలెయ్యమను అన్నాను. కళ్ళు తెరిచేసరికి ఆమె ఒళ్ళో అల్లిక సూదిలోంచి జారిపోయి ఉంది.

"నిన్న ఎందుకు చెప్పల్యాక్కా?" అంది. కోపంగా కాదు. ఆ గొంతే నాకు తెలియలేదు.

"చెప్పలేకపోయినానే."

"నిన్న చెప్పింటే సాలు. పొద్దున్నే పోయినారు."

లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. ఎక్కడికని పరుగెత్తుతుంది పాపం, జీపు వెనకా?

ఆమె అటు పోగానే మాబున్ని ఇటు వచ్చింది.

"ఏందక్కా, బాలనాగక్క అట్ల ఉరుకుతాండాది? పలకరిచ్చినా పలకల్యా."

ఆమె కూచుని ఊలు ఉండ ఒళ్ళో పెట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"మా ఆయప్ప ఆటోకు ఈ పొద్దు మంచి బాడుగ తగిలిందిలే. మైలవరం డ్యామ్ చూడాలంట, తెల్లార్నే వచ్చి పిల్చుకపోయినారు. సగం దుడ్లు ముందే ఇచ్చినారు. చానా మర్యాదస్తులు పిల్లోల్లు."

"మాబున్నీ, సూదులు పక్కన పెట్టు. నీకొక మాట చెప్పల్ల."

"ఉండక్కా, ఈ వరస అయిపోనీ" అంది నవ్వుతూ.

సరేనన్నాను. ఆమె ఆ వరస అల్లినంతసేపూ ఆమె ముఖమే చూస్తూ కూచున్నాను. అయిపోగానే చెప్పాను.