ట్రాప్ మూసిన చేతులు

రేణిగుంట పక్కన మా పేపరు మిల్లులో ఆవిరి పైపు పగిలి, మునస్వామి ఒళ్లంతా ఉడికి చచ్చిపోయాడు. శవం ఆసుపత్రి నుంచి రాకముందే మేనేజరు నోటీసు బోర్డుకెక్కింది: "కార్మికుని అజాగ్రత్త."

అబద్ధం. అది మాకందరికీ తెలుసు. ఆవిరి చల్లబడితే పైపులో నీళ్లవుతుంది. ఆ నీళ్లను బయటికి పంపి, ఆవిరిని మాత్రం ఆపి ఉంచే చిన్న ఇనుప డబ్బానే ట్రాప్ అంటారు. మా ట్రాపులు అరిగిపోయి నీళ్లతోపాటు ఆవిరినీ వదిలేసేవి. కొత్తవి కొనకుండా వాటి ముందున్న వాల్వులు మూయించాడు మేనేజరు. ఆవిరి వృథా ఆగి బాయిలరు బొగ్గు మిగిలింది. నీళ్లు పైపులోనే నిలిచాయి. వెనకనుంచి ఆవిరి తోస్తుంటే ఆ నీళ్లు మలుపుల్లో సమ్మెటలా కొట్టేవి.

ఆ దెబ్బలు రోజూ విన్నాం. విని ఊరుకున్నాం. బొగ్గు మిగిల్చినందుకు ఆయుధపూజకు మనిషికో స్టీలు క్యారియరు ఇచ్చారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. సిగ్గులేని బతుకు!

గేటు మీటింగులో ఫిట్టరు కుప్పయ్య, మునస్వామి భార్య నాగరత్నమ్మ కాళ్ల మీద పడ్డాడు.

"మూసింది నేనేమ్మా. ఉజ్జోగం పోతాదని బయపడినాను."

"నువ్వొక్కడివేనా? పైపు అట్ల కొట్టుకుంటాంటే ఇంతమంది సెవులు యాడ పెట్టుకున్నారబ్బా?"

"ముందు అర్జీ పెడదామప్పా," అన్నాడు యూనియన్ సెక్రటరీ మునిరామయ్య.

"అర్జీకి జవాబొచ్చేలోపల ఇంకొకడు ఉడికిపోతాడు!" కుప్పయ్య లేచాడు. "మిగతా పైపుల్లో నీళ్లు అట్లే ఉండాయి. మూసినవన్నీ తెరస్తా. ఎవురొస్తారు?"

అందరం కదిలాం. మునిరామయ్య కూడా.

"పక్కకి నిలబడి మెల్లగా తిప్పండప్పా!" అని కుప్పయ్య అరుస్తూనే ఉన్నాడు. ముందు తుప్పు నీళ్లు, వెనకే ఆవిరి. మిల్లంతా తెల్లగా కమ్ముకుంది. తన బొగ్గు గాల్లో కలిసిపోతోందని మేనేజరు పోలీసులకు ఫోను చేశాడు.

"ఎవడ్రా తెరిచింది?" జీపు దిగుతూనే ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"నేనే సార్," అన్నాడు కుప్పయ్య.

"మేమే," అన్నాడు మునిరామయ్య. మేమంతా ముందుకొచ్చాం. "మూసిందీ మేమే, తెరిసిందీ మేమే."

"ఎక్కండ్రా అందరూ!"

కొందరం ఎక్కాం. నాగరత్నమ్మ వచ్చి జీపుకు అడ్డం నిలబడింది. మమ్మల్ని వదిలేయమంటుందనుకున్నాం.

"ఈళ్లను వదలమని నేను అడగను సారూ. మూసినోళ్లు ఈళ్లే. మూయించినోడు ఆ రూములో ఉండాడు. ముందు ఆయప్పను ఎక్కించండి. అందాకా ఈ జీపు కదల్దు."

ఎక్కినవాళ్లం దిగొచ్చి ఆమె పక్కన నిలబడ్డాం.