వీర్రాజు వేళ్లు

సత్తెమ్మ గుడిలో అమ్మవారి వెండి ముఖం పోయిందని చింతవారిలంకలో తెలిసేసరికి పొద్దెక్కింది. అద్దాల పెట్టె తలుపు తీసి ఉంది. అద్దం మీద ఒక వేలిముద్ర దొరికిందని పోలీసులు చెప్పారు.

అంతకు ముందు ఊళ్లో ఏదైనా పోతే, అనుమానం ఉన్నవాళ్లు గుడి ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, తాము తియ్యలేదని ప్రమాణం చేసేవాళ్లు. మాట అక్కడితో ఆగిపోయేది. ఈసారి సర్పంచ్ నరసింహమూర్తి ఒప్పుకోలేదు.

"కర్పూరం దొంగోడు కూడా ఆర్పుతాడండి. ఊరందరి వేలిముద్రలూ తీయిద్దాం. ఒక కాపీ పంచాయతీలో ఉంచుదాం. రేపు మళ్లీ ఏదైనా పోతే వెతుక్కోనక్కర్లేదు. తప్పు చెయ్యనోడికి భయమేంటండి?"

"ఆయ్, అంతేనండి" అన్నారు ఊరివాళ్లు. అమ్మవారి సొత్తు. కాదన్నవాడే తీశాడనుకుంటారు.

వీర్రాజు ఆ మాట వరప్రసాదం గారి తోటలో కొబ్బరికాయలు ఒలుస్తూ విన్నాడు. అతను నిరుటి దాకా కువైట్‌లో డ్రైవరు. యజమానితో పడక వేరేచోట పనికి చేరి పట్టుబడ్డాడు. ఇంటికి పంపేసే ముందు అక్కడివాళ్లు అతని పది వేళ్లూ మెషిన్ మీద పెట్టించుకున్నారు. మళ్లీ రావడానికి లేదన్నారు. రాజోలులో ఒక ఏజెంటు వేరే పేరుతో పాస్‌పోర్టు చేయించి ఇచ్చాడు. వేళ్ల సంగతి అడిగితే నవ్వాడు.

"గునపం మీద కాయలు ఒలువు. ఖాళీగా ఉంటే ఇటుక మీద వేళ్లు రుద్దు. గీతలు అరిగిపోతే ఆ మెషిన్‌కి నువ్వెవరో తెలీదు."

కూతురు రమ్యశ్రీ అమలాపురంలో నర్సింగు చదువుతోంది. ఆ చదువు సాగాలంటే అతను వెళ్లాలి. చలికాలమంతా ఒలిచాడు, ఇటుక మీద రుద్దాడు. వీసా వచ్చింది. ప్రయాణం దగ్గర పడింది.

పంచాయతీ ఆఫీసు ముందు ఊరు వరస కట్టింది. కానిస్టేబులు ఒక్కొక్కరి వేలూ పట్టుకుని సిరా పలక మీద దొర్లించి కాగితం మీద అద్దుతున్నాడు.

"నా పెళ్లినాడు కూడా ఇంతసేపు ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు బాబూ" అంది సుబ్బమ్మ. అందరూ నవ్వారు.

వీర్రాజు వంతు వచ్చింది. కాగితం మీద నల్ల మరక పడింది. కానిస్టేబులు వేలు తుడిచి మళ్లీ అద్దించాడు. మళ్లీ మరకే. పది వేళ్లూ అంతే.

"ఏరా, వేళ్లు ఇంటి దగ్గర పెట్టొచ్చేవా?" అన్నాడు. ఈసారి కొందరే నవ్వారు.

"ఒలుపు పనండి. అరిగిపోయేయండి" అన్నాడు వీర్రాజు.

పక్కన కుర్చీలో ఉన్న ఎస్సై కాగితాలు తిరగేసి దేవదానం ముద్ర తీశాడు. దేవదానం పాతికేళ్లుగా ఒలుస్తున్నాడు. అతని ముద్రలో గీతలు అక్కడక్కడా తెగాయి గానీ, ఉన్నాయి.

"ఇతనికి ఉన్నాయే. నీకెందుకు లేవు?"



"కర్పూరం ఆర్పుతానండి" అన్నాడు వీర్రాజు. "అమ్మోరి సొమ్ము నేను ముట్టుకోలేదండి."

"అది కోర్టులో చెల్లదు. పొద్దున్న స్టేషన్‌కి రా. వేళ్లు ఎందుకు అరిగేయో ఆలోచించుకుని రా."

ఇంటికొచ్చాక భార్య వెంకటదుర్గ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఉన్నది చెప్పేయండి."

"చెబితే పాస్‌పోర్టు పోద్ది. దొంగ పాస్‌పోర్టని కేసు పెడతారు. పిల్ల చదువేం కాను?"

"పిల్లే ఫోను చేసింది. 'మీ నాన్న అమ్మోరి మొకం తీసేడంట కదా' అని హాస్టల్లో అడిగేరంట. ఏం చెప్పమంటావమ్మా అని ఏడ్చింది."

వీర్రాజు చెయ్యి కడిగేసుకున్నాడు.

పొద్దున్న స్టేషన్‌లో వీర్రాజు ఎస్సై బల్ల మీద పాస్‌పోర్టు పెట్టాడు. కువైట్ సంగతి, ఇటుక సంగతి చెప్పాడు. ఎస్సై పాస్‌పోర్టు తెరిచాడు. ఫొటో వీర్రాజుది. పేరు సత్తియ్య అని ఉంది.

"వెండి ముఖం తీసినోడు కూడా ఇంత తెలివిగా చెయ్యలేదురా" అన్నాడు. పాస్‌పోర్టు సొరుగులో వేసి, కేసు రాయమని రైటరుకి చెప్పాడు.

వీర్రాజు బెయిలు మీద వచ్చేసరికి వెండి ముఖం దొరికింది. జాతరకి ముందు వెండికి మెరుగు పెట్టడానికి వచ్చిన పొరుగూరి మనిషి దాన్ని జొన్నాడలో అమ్మబోతే కొట్టువాడు పోలీసులకి చెప్పాడు. అద్దం మీది ముద్ర పూజారిది. ఆయన రోజూ ఆ పెట్టె తెరుస్తాడు.

"చూసేరా, అందరివీ తీయించేం కాబట్టే అది పూజారి గారిదని తేలింది" అన్నాడు నరసింహమూర్తి. దానికీ ఊరు ఆయ్ అంది.

రమ్యశ్రీ చదువు మానేసి ఇంటికొచ్చింది. వెంకటదుర్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరింది. వీర్రాజు వాయిదాలకి కోర్టుకి వెళ్తున్నాడు, మిగతా రోజులు ఒలుస్తున్నాడు.

తొలకరికి నరసింహమూర్తి తోటకి వచ్చాడు.

"ఊరందరివీ ఉన్నాయిరా. నీ కాగితం ఒక్కటే మరకలతో ఉంది. ఈపాటికి చర్మం వచ్చుంటది కదా. ఓసారి వచ్చి వేసిపో."

వీర్రాజు చేతులు తుడుచుకుని చూపించాడు.

"ఇంకా రాలేదండి."

"వచ్చేక రా. నీ మంచికేరా. రేపు ఏదైనా పోతే ముందు నీ పేరే చెబుతారు."

"ఆయ్."

సాయంత్రం వెంకటదుర్గ పెరట్లోకి వచ్చింది. వీర్రాజు నూతి గట్టు మీద కూర్చుని ఇటుక మీద వేళ్లు రుద్దుతున్నాడు. పక్కన చెంబుతో నీళ్లు ఉన్నాయి.

"ఇంకెక్కడికి వెళ్తారండీ?" అంది.

"ఎక్కడికీ లేదు" అన్నాడు. ఇటుక మీద నీళ్లు పోసి, రెండో చెయ్యి మొదలుపెట్టాడు.