మరగని సూది

"పొద్దు నడినెత్తికొచ్చేటాలకు నా ముందర బువ్వ ఉండాలె. ఊరందరికి సేవ చేసుకుంటవో ఏం చేసుకుంటవో నాకు తెల్వదు," అన్నాడు మొగుడు రామన్న. జములమ్మ వాకిలి ఊడ్చి, నీళ్లు తోడి, అత్తకు జొన్న గటక వండిపెట్టి పెద్దమందడి చావడికి పరుగెత్తింది.

ఆ ఎండాకాలం గత్తర తగిలి, వాంతులు విరేచనాలతో ఊళ్లో అప్పటికే తొమ్మిది మంది పోయారు. సూదిమందు వేయడానికి వనపర్తి నుంచి డాక్టరు వచ్చాడు. నర్సు పని నేర్చిన జములమ్మను సాయానికి పెట్టుకున్నాడు. ఉన్నవి రెండే సూదులు. ఒకటి గుచ్చుతుంటే రెండోది నీళ్లలో మరగాలి. ఇంకా పదిమంది ఆడవాళ్లు మిగిలి ఉండగా పొయ్యి ఆరిపోయింది. మళ్లీ ముట్టించి నీళ్లు మరిగేదాకా ఆగితే ఇంటి దగ్గర పొద్దు దాటుతుంది. అన్నం ఆలస్యమైన రోజు ఎట్లా ఉంటుందో ఆమె వీపుకు తెలుసు. సూదిని దూదితో తుడిచి డాక్టరు చేతికిచ్చింది.

"మరిగిందా?" తలెత్తకుండానే అడిగాడాయన.

"మరిగింది సాబ్."

అట్లా పదిసార్లు.

వారం తిరగకముందే ఆ పదిమందిలో కొందరికి చేతులు చీము పట్టాయి. "పేడ రుద్దుకున్నరు గావొచ్చు. చెప్తే వింటరా?" అని డాక్టరు విసుక్కున్నాడు. జములమ్మ తల వంచుకుని గుడ్డలు ఉతికింది. మొగుడి భయంతో చేశానని రోజూ తనకు తాను చెప్పుకునేది. కానీ మరిగిందన్న మాట రామన్న నోట్లోంచి రాలేదు కదా. అది గుర్తొచ్చినప్పుడల్లా ముద్ద కంచంలోనే వదిలి లేచేది.

ఒకరోజు ఆ పదిమందిలో ఒకామె, పెంటమ్మ, కట్టు కట్టించుకోవడానికి చావడికి వచ్చింది. వాచిన చేయి చాపుతూ, "కోపం చెయ్యకు నర్సమ్మా. బాయికాడ నీళ్లు మోసిన. తడపొద్దన్న చెయ్యి తడిసింది. తప్పు నాదే," అంది, దండం పెట్టబోతూ.

జములమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"నీది గాదు పెద్దమ్మా. నేను సూది మరగపెట్టలే. ఇంటికాడ బువ్వకు యాళ్లయితుందని తుడిచి ఇచ్చిన. సాబ్‌కు అబద్ధం చెప్పిన."

డాక్టరు లేచి జములమ్మ దగ్గరకొచ్చాడు. "గీ మాట ఇక్కడ్నే మరిచిపో. మళ్ల సూది అంటే ఎవ్వరన్న చెయ్యి చాపుతరా?" అన్నాడు గొంతు తగ్గించి.

పెంటమ్మ తన వాచిన చేతివైపు చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "నా కోడలికి గూడ గదే సూదా?"

"అదే."

"నిన్నటి సంది దానికి జరం. తానం చేసినందుకే గిట్లయిందని మొగుడు తిడుతడని, చెయ్యి ఎవ్వరికి చూపెడ్తలేదు."

జములమ్మ మరిగిన నీళ్లు, దూది, కట్టుగుడ్డలు తీసుకుని పెంటమ్మ వెంట నడిచింది. డాక్టరు పిలిచినా ఆగలేదు. చీకటి గదిలో కోడలు చిన్నమ్మ చేతిని కొంగు కింద దాచుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

"తప్పు నాది చిన్నమ్మా," అంది జములమ్మ, గడపలోనే నిలబడి. "ఇగ చూపియ్యి."

మిగిలిన ఎనిమిది ఇళ్లలోనూ ముందు ఆ మాటే చెప్పింది. తర్వాతే చేయి చూపమంది.