చప్పుడు చేయని బూట్లు

మా అమ్మ పదకొండేళ్లు తుడిచిన నేల మీద పన్నెండో ఏట జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆ నేలలో ఏ పలక కాస్త లేచి ఉందో, ఏ మూల నీళ్లు నిలుస్తాయో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి ఆమె. అలాంటి మనిషితో "నా అజాగ్రత్త వల్లే పడ్డాను" అన్న కాగితం మీద సంతకం పెట్టించుకోవాలని చూశాడు అక్కడి మేనేజరు. అది చదివిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

అమ్మ పనిచేసేది ఏడంతస్తుల ఆఫీసు భవనంలో. అక్కడ ఊడ్చి తుడిచే ఆడవాళ్లు మొత్తం పన్నెండు మంది. మొన్నమొన్నటిదాకా ఎవరి రబ్బరు చెప్పులు వాళ్లు వేసుకునే పనిచేసేవారు. అడుగున గాట్లు గాట్లుగా ఉండే మామూలు చెప్పులు. నేల మీద కిర్రుకిర్రుమనేవి. పై అంతస్తులోకి కొత్తగా దిగిన కంపెనీ వాళ్లకి ఆ చప్పుడు చెవుల్లో పోటు పెట్టిందట. మేనేజరు ఆఘమేఘాల మీద పన్నెండు జతల నల్లబూట్లు తెప్పించాడు. పైన తళతళ, అడుగున గట్టి ప్లాస్టిక్, పళ్లెం అంత నున్నగా. వేసుకుని నడిస్తే పిల్లి నడిచినట్టే. రబ్బరు నేలని పట్టుకుంటూ వదులుతూ ఉంటేనే ఆ కిర్రు వస్తుందని, చప్పుడు పోతే దాంతోపాటు పట్టు కూడా పోవచ్చని ఆయనకి తట్టలేదు.

మొదటిరోజే అమ్మ ఇంటికొచ్చి కాళ్లు పట్టుకుని కూర్చుంది.

"కాలి కింద నేల ఉన్నట్టే లేదే," అంది నాతో.

మేనేజరుకి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఆయన "అలవాటవుతుందిలే" అన్నాడు. తొమ్మిదో రోజు పడింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నేను ఎనిమిదో తరగతి. సరిగ్గా ఆ వారమే మాకు ఘర్షణ పాఠం అయింది. లాభాలు ఐదు, నష్టాలు ఐదు, గడగడా అప్పజెప్పాను. "నున్నని తలాల మధ్య ఘర్షణ తక్కువ" అని నోట్సులో అందంగా రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసిన చేత్తోనే పొద్దున్నే అమ్మకి ఆ బూట్ల లేసులు కట్టి పంపాను. ఒక్కసారీ బుర్రకి తట్టలేదు. దానికి నాకు సిగ్గుగా ఉంది. మేనేజరు మీద ఎంత కోపమో నా మీదా అంతే కోపం.

కాగితం తెచ్చింది పొడుగత్త. అమ్మతో కలిసి పనిచేస్తుంది, గుమ్మం దాటాలంటే తల వంచాల్సిందే, అందుకే ఆ పేరు. అమ్మని వదినా అంటుంది కాబట్టి నాకు అత్త. కాగితం మంచం మీద పెట్టి మొహం పక్కకి తిప్పుకుంది. దానితో పాటు చిన్న సిరా డబ్బా ఒకటి తెచ్చింది.

"కుడిచేయి కట్టులో ఉంది కదా, ఎడమచేతి వేలిముద్ర చాలన్నాడు వదినా. వేస్తే ఆరు వారాల తర్వాత మళ్లీ పనిలోకి రావచ్చంట. వెయ్యకపోతే నీ చోట ఇంకొకరిని పెట్టుకుంటాడంట. నన్ను తిట్టకు, నేను మోసుకొచ్చానంతే."

అమ్మ కాగితం రెండుసార్లు చదివింది. సిరా డబ్బా మూత కూడా తియ్యలేదు.

నాన్న లారీల షెడ్డులో మెకానిక్. అప్పుడే పని నుంచి వచ్చి చేతులు తుడుచుకుంటున్నాడు.

"వేసెయ్. ఒక్క ముక్కేగా. పని ఉంటుంది," అన్నాడు.

"రేపు ఈ పొడుగావిడ పడుతుంది. దాని చేతా ఇదే రాయిస్తాడు. ఆ తర్వాత ఇంకోదాని చేత," అంది అమ్మ. "నేను అజాగ్రత్త మనిషినా? నువ్వు చెప్పు."

నాన్న తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"ఇది బూట్ల తప్పని నేను రుజువు చేస్తాను," అన్నాను నేను. ముక్కు మీద కోపంతో అనేశాను గానీ ఎలా చేయాలో అప్పటికి తెలియదు.

"మొదలెట్టింది మా ప్లీడరమ్మ," అన్నాడు నాన్న.

మర్నాడు సాయంత్రం పొడుగత్త ఆ భవనం వెనక మిగిలి పడున్న నేలపలక ఒకటి వాచ్‌మన్‌కి చెప్పి గోనెసంచిలో తెచ్చింది. రెండడుగుల పలక, ఆ హాల్లో పరిచినదే. ప్రయోగం మా టీచరు క్లాసులో చెక్కముక్కతో చూపించిందే. పలక ఒక అంచు నేల మీదే ఉంచి రెండో అంచుని మెల్లగా ఎత్తాలి. ఎంత ఎత్తుకి బూటు జారుతుందో స్కేలుతో కొలవాలి. ఎక్కువ ఎత్తుదాకా నిలబడితే పట్టు ఎక్కువ ఉన్నట్టు.

అమ్మ బూటులో కిలో ఉప్పు పొట్లం పెట్టి ఎత్తాను. ఇరవై ఏడు సెంటీమీటర్ల దాకా కదల్లేదు. రబ్బరు చెప్పు మీద అదే పొట్లం కట్టి ఎత్తితే ముప్పై ఏడు. బరువు పెరిగితే బూటు ఇంకా బాగా పట్టుకుంటుందేమోనని రెండు పొట్లాలు పెట్టి చూశాను. మళ్లీ ఇరవై ఏడే. బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, కానీ జార్చే బలం కూడా అంతే పెరుగుతుంది. లెక్క ఎక్కడికక్కడ సరిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏడంటే చిన్న వాలు కాదు. అంత వాలులో నిలబడగలిగిన బూటు సమమైన నేల మీద ఎందుకు జారుతుంది? మేనేజరు చెప్పిందే నిజమని నా పాఠమే సాక్ష్యం చెబుతున్నట్టుంది. పలక దబ్బున వదిలేశాను.

మంచం మీంచి అమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"నీళ్లేవే?" అంది.

"ఏం నీళ్లు?"

"ఏ జన్మలో నేను పొడి నేల తుడిచాను? బకెట్లో నీళ్లు, అందులో మూతెడు సబ్బుమందు. నేను నడిచేది దాని మీద. నీ పాఠంలో నేల ఎప్పుడూ ఎండే ఉంటుందా?"

పాఠం చదివింది నేను. నేల తెలిసింది ఆమెకి.

పలక మీద సబ్బునీళ్లు చల్లి మళ్లీ ఎత్తాను. ఎత్తాను అనడానికి కూడా లేదు. ఆరు సెంటీమీటర్లకే బూటు సర్రున జారి నా కాళ్ల మీద పడింది. రబ్బరు చెప్పు ఇరవై రెండు దాకా నిలిచింది. దాని గాట్లలోంచి నీళ్లు పక్కకి పోతున్నాయి, రబ్బరు నేలని తాకుతోంది. బూటు అడుగున ఆ నీళ్లకి పోయే దారే లేదు. బూటు నీళ్ల మీదే ఉంది, పలకని తాకనే లేదు.

నాన్న తింటున్న కంచం పక్కన పెట్టి వచ్చాడు. రోజంతా గ్రీజు పూసే మనిషి, రాపిడి అంటే ఆయనకి పగ.

"మళ్లీ చెయ్యి," అన్నాడు. మూడుసార్లు చేయించాడు. మూడుసార్లూ ఆరు దగ్గరే. అప్పుడు ఆయన మొహం మారింది.

"బేరింగుకి గ్రీజు రాస్తాం. బ్రేకుకి ఎవడన్నా రాస్తాడా?" అన్నాడు. "చక్రం తిరిగే చోట రాపిడి ఉండకూడదు, ఆగే చోట ఉండి తీరాలి. రెండోరోజు పనిలో చేరినవాడికైనా తెలుస్తుంది. ఈయన పన్నెండు మంది కాళ్లకి బ్రేకులు పీకేసి పంపాడు." అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు వేలిముద్ర వెయ్యకు."

"నువ్వు చెప్పేదాకా ఆగానా?" అంది అమ్మ.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అమ్మా నేనూ మేనేజరు గది ముందు ఉన్నాం. పలక పొడుగత్త మోసింది, బూటూ చెప్పూ సబ్బునీళ్ల సీసా నా సంచిలో ఉన్నాయి. బయట హాలు సగం తుడిచి ఉంది, పది గంటలకి పై కంపెనీకి ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారట. మేనేజరు మమ్మల్ని చూసి కుర్చీ కూడా చూపించలేదు.

"కాగితం తెచ్చావా?" అని అమ్మని అడిగాడు.

"ముందు మా అమ్మాయి ఒకటి చూపిస్తుంది సార్."

ఆయన వద్దనేలోపే నేను పలక దించి, సబ్బునీళ్లు చల్లి, బూటు పెట్టి ఎత్తాను. సర్రున జారింది. చెప్పు పెట్టి ఎత్తాను. నిలబడింది. ఆరూ ఇరవై రెండూ రాసిన నోట్సు బల్ల మీద పెట్టాను.

ఆయన నవ్వాడు. "నేనూ చదువుకున్నానమ్మా. ఘర్షణ అంటే ఆటంకం. తగ్గించుకోవాలనే మీ పుస్తకంలో కూడా ఉంటుంది."

"సగమే చదివినట్టున్నారు సార్. మీరు ఆ కుర్చీలోంచి కిందికి జారకుండా కూర్చున్నది ఘర్షణ వల్లే. మీ చేతిలో పెన్ను నిలిచింది దాని వల్లే. మీ చొక్కా గుండీలు ఊడకుండా ఉన్నది కూడా దాని వల్లే."

పొడుగత్త గట్టిగా దగ్గింది. ఆయనకి నవ్వు పోయింది.

"నువ్వు పలక ఎత్తావు, జారింది. నా హాలు ఏటవాలుగా లేదు. సమంగా ఉన్న నేల మీద జారిందంటే తప్పు మనిషిదే."

ఈ మాట వస్తుందని నాకు తెలుసు, దీనికోసమే రాత్రంతా పాఠం మళ్లీ చదివాను.

"నడవడమంటే నేలని తొయ్యడం సార్. మడమ దించినప్పుడు ముందుకి తోస్తాం, వేళ్లు ఎత్తినప్పుడు వెనక్కి తోస్తాం. ఆ తోపుని ఆపాల్సింది ఘర్షణే. అంత చిన్న వాలులోనే నిలవని బూటు, బకెట్టు మోస్తూ వేసే అడుగుని ఏం ఆపుతుంది?"

"మాటలు బాగా నేర్చావు."

"మాటలెందుకు సార్? మీరే ఈ బూట్లు వేసుకుని హాలు ఆ చివరిదాకా నడవండి. తడిగానే ఉంది."

"నా సైజు కావవి," అన్నాడు వెంటనే.

"నావి పడతాయి సార్," అంది పొడుగత్త. "నా పాదాలు మగాళ్ల పాదాలంత." వంగి లేసులు విప్పి, రెండు బూట్లూ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన బూట్ల వంక చూశాడు. తలుపులోంచి మెరుస్తున్న హాలు వంక చూశాడు. తలుపు దగ్గర తుడుపుకర్రలతో నిలబడ్డ మిగతా ఆడవాళ్ల వంక కూడా చూశాడు. పాదం ఒక్క అంగుళం కదపలేదు. మా అమ్మని ఎనిమిది రోజులు ఆ నేల మీద నడిపించిన మనిషి, ఒక్కసారి తాను నడవడానికి జంకాడు. నాకు అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేకపోయింది.

"నాకు ఈ తమాషాలకి టైము లేదు," అన్నాడు చివరికి. సొరుగులోంచి అలాంటి కాగితమే ఇంకొకటి తీసి అమ్మ ముందుకి తోశాడు. "వేలిముద్ర వెయ్యి. లేకపోతే పని లేదు."

"వేలిముద్ర ఎందుకు సార్? నాకు రాయడం వచ్చు," అంది అమ్మ.

ఎడమచేత్తో పెన్ను తీసుకుంది. ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. అమ్మ కాగితాన్ని వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. అలవాటు లేని చెయ్యి, ఒక్కో అక్షరానికీ నిమిషం పడుతోంది. వరసలు పైకీ కిందికీ పోతున్నాయి. బయట హాలు సగం తడిగానే ఉండిపోయింది. గడియారం తొమ్మిదీ ముప్పావు దాటింది.

"ఈ బూట్లు తడి నేలని పట్టవు. రెండుసార్లు చెప్పాను. అయినా వేసుకోమన్నారు. అందుకే పడ్డాను. చేయి నయం కాగానే పనిలోకి వస్తాను." కింద తన పేరు రాసింది.

మేనేజరు చదివి మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇది చెల్లదు. చించేస్తాను."

"చించండి సార్. ఇంకోటి రాస్తాను. ఆరు వారాలు నాకు పని లేదు, రోజుకొకటి తెచ్చిస్తాను. చెయ్యి కూడా అలవాటవుతుంది."

తలుపు దగ్గర కదలిక వినిపించింది. ఒకావిడ వంగి తన బూట్లు విప్పి గడప పక్కన పెట్టింది. ఆ వెనకావిడ విప్పింది. చూస్తుండగానే పదిమందీ ఒట్టికాళ్లతో నిలబడ్డారు. "ఇవి వేసుకోమంటే మేం తుడవం సార్," అంది ముందున్నావిడ. "మా చెప్పులైతే ఇప్పుడే పది నిమిషాల్లో తుడిచేస్తాం."

ఆయన గడియారం చూశాడు. "సరే, మీ చెప్పులే వేసుకుని కానివ్వండి," అన్నాడు వాళ్లతో. అమ్మతో మాత్రం మొహం చూడకుండా అన్నాడు. "నువ్వు నయమయ్యాక రా. ఇంక వెళ్లు."

అమ్మ వెళ్లలేదు. కాగితాన్ని ఆయన వైపు తిప్పి పెట్టి, కింద ఖాళీ ఉన్న చోట ఎడమ వేలు ఆనించింది.

"ఇక్కడ 'అందింది' అని రాసి సంతకం పెట్టండి సార్. నకలు నాకివ్వండి."

ఆయన పెన్ను అందుకున్నాడు. 'అందింది' అని రాశాడు. సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టబోయాడు.

"తేదీ కూడా వెయ్యండి," అంది మా అమ్మ.